విజ్ఞానపు మాటలు: కణరహితము

వస్తువులకు వానిలో నున్న గుణమునుబట్టి పేరు పెట్టుట లోకమున వాడుక. లేనిదానినిబట్టి పేరు పెట్టుట అరుదు. అట్టి అరుదైన పేర్లలో "కణరహితము" ఒకటి. ఇంగ్లీషు గ్రంథములలో దీనిని ఏసెల్యులర్ అని వ్రాయుదురు. కణములు లేనిదని దాని యర్థము. ఉన్నత పాఠశాలలో చదువు పిల్లల జీవశాస్త్రమున, వైరస్‌లనుగూర్చిన పాఠములో ఈ మాట వచ్చును. పసిబిడ్డకు టీకా వేయించుటకు పోయినచో మందుపెట్టె మీదను ఇదే మాట కనబడవచ్చును. మాట ఒక్కటియే గాని రెండు తావులయందును అది చెప్పు సంగతి ఒక్కటి కాదు. నెల్లూరుతీరమున రొయ్యలు పెంచు కుటుంబములకును, ఇంట బిడ్డలను పెంచు తల్లులకును ఈ మాటతో నేరుగా పని యున్నది. కావున ఈ నెల దీనిని విచారింతము.

మొదట కణమనగా నేమో తెలియవలెను. 1665లో ఇంగ్లాండు దేశమున రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు బెండుయొక్క పలుచని తునకను సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచెను. అందు తేనెపట్టులోని గదులవంటి చిన్న చిన్న అఱలు కనబడెను. చిన్నగది యను నర్థముగల "సెల్" అను పేరు వానికి ఆతడే పెట్టెను. తరువాత 1838లో ష్లైడెన్ అను నాతడు వృక్షములన్నియు నిట్టి గదులచేతనే కట్టబడినవనియు, మఱుసటి యేట ష్వాన్ అను నాతడు జంతువులును అట్లే యనియు చెప్పిరి. మనము తెలుగున దీనికి కణము అను మాట వాడుకొంటిమి. జలకణము, అగ్నికణము అనునప్పుడు ఈ మాటకు చిన్న నలుసు అని యర్థము. జీవశాస్త్రములోని కణము వట్టి నలుసు కాదు, అదియొక ఇల్లు. దానికి చుట్టును ప్రహరి కలదు. లోనికి వచ్చునదానిని, వెలికి పోవునదానిని విచారించు వాకిలి కలదు. ఆహారమును శక్తిగా మార్చు వంటిల్లు కలదు. ఏది ఎట్లు చేయవలెనో తెలుపు వంశపారంపర్యమైన పుస్తకమును కలదు. ఒక్క ఇల్లే తానై బ్రదుకు ప్రాణి ఏకకణజీవి. మన శరీరము కోట్లకొలది యిండ్లుగల మహానగరము.

ఇక లేకపోవుటనుగూర్చి. మన తర్కశాస్త్రజ్ఞులు లేకపోవుటను అభావమని పేర్కొని, దానిని నాలుగు విధములుగా విభజించిరి. అందు రెండు మనకు పనికివచ్చును. ఏ కాలమునందును లేకుండుట అత్యంతాభావము. ఉండి, పిదప నశించుట ప్రధ్వంసాభావము. ఈ రెంటిని మనస్సున నుంచుకొన్నచో కణరహితమను మాట ఎక్కడ కనబడినను చిక్కు పడదు. "కణము మొదటినుండియు లేదా? ఉన్నదానిని తీసివేసిరా?" అని అడుగవలెను.

మొదటిదానికి దృష్టాంతము వైరస్. దానికి ప్రహరి లేదు, వంటిల్లు లేదు. గట్టి అట్టలో చుట్టిన వంటపుస్తకము మాత్రమే కలదు. ఆ పుస్తకముతో అది పరుల యింట చొచ్చి, ఆ యింటి వంటసామగ్రితోనే తన ప్రతులను వేలకొలదిగ చేయించుకొని, తుదకు ఆ యిల్లు కూల్చి వెలికి వచ్చి, ఇరుగుపొరుగు ఇండ్లమీద పడును. తానొంటిగ నున్నప్పుడు తినదు, పెరుగదు, పిల్లలను పెట్టదు. 1892లో రష్యా దేశమున ఇవనోవ్‌స్కీ అను నాతడు తెగులు తగిలిన పొగాకురసమును, బాక్టీరియాలు దూరజాలని పింగాణి వడపోతలో వడగట్టి చూచెను. వడగట్టిన రసము గూడ తెగులు పుట్టించెను. 1898లో హాలండు దేశపు బైయరింక్ ఇది బాక్టీరియాకంటె వేఱైనదని నిశ్చయించి వైరస్ అను పేరు వాడెను. 1935లో అమెరికా దేశమున వెండెల్ స్టాన్లీ ఆ పొగాకు వైరస్‌ను స్ఫటికములుగా తీసెను. మన తీరపు మడులలో ఉప్పు పేరుకొన్నట్లు రోగకారణమే పేరుకొనుట చూచి లోకము ఆశ్చర్యపడెను. వైరస్‌కు ప్రాణమున్నదా లేదా యను వాదము నేటికిని ముగియలేదు. కణము లేదను విషయమున మాత్రము వాదము లేదు.

ఈ కణరహితమైన వస్తువు నెల్లూరుతీరమునకు చేసిన నష్టము ఇంతంత కాదు. 1990 ప్రాంతమున కండలేరు మొదలగు ఉప్పునీటి పాయలవెంట రొయ్యల గుంటలు విస్తారముగ త్రవ్వబడెను. వరిపొలము నమ్ముకొన్నవారు సయితము గుంటలకు దిగిరి. టైగరు రొయ్యకు విదేశములలో మంచి వెల వచ్చుచుండెను. 1992 ప్రాంతమున తైవాను మొదలగు తూర్పుదేశములలో బయలుదేరిన తెల్లమచ్చ వ్యాధి 1994లో మన దేశపు తూర్పుతీరమున కనబడెను. ఆ యేడును మఱుసటి యేడును నెల్లూరు గుంటలు దానిపాలయ్యెను. వ్యాధి తగిలిన రొయ్య మేత మానును, నీటిపైకి వచ్చి గట్టువెంట మందముగ ఈదును, ఒడలు ఎఱ్ఱబారును, తలచిప్పమీద తెల్లని చుక్కలు తేలును. లక్షణములు కనబడిన 3 మొదలు 10 దినములలో గుంట గుంటయంతయు చచ్చుట కలదు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన యింట పది దినములలో పంట పోయి అప్పు మాత్రము మిగిలెను.

ఇంత చేసిన వైరస్ నిడివి మిల్లీమీటరులో సుమారు 3 వేలవ వంతు. దానియందున్న పుస్తకములో సుమారు 3 లక్షల అక్షరములు కలవు. రొయ్యలకే గాక పీతలకును అది అంటును. మనుష్యులకు అంటదు.

వ్యాధి కనబడగానే మందు వేయుట మానవస్వభావము. నాడు కొందఱు రైతులు మేతలో యాంటీబయోటిక్ మందులు కలిపిరి. ఆ మందులెట్లు పనిచేయునో తెలిసియున్నచో ఆ ఖర్చు పెట్టియుండరు. 1928లో అలెగ్జాండరు ఫ్లెమింగ్ కనుగొనిన పెనిసిలిన్ బాక్టీరియాయొక్క ప్రహరిగోడ కట్టనీయకుండ చేసి దానిని చంపును. మఱికొన్ని మందులు బాక్టీరియా వంటింటిలో చొచ్చి మాంసకృత్తుల తయారీని ఆపును. మన కణములకు అట్టి గోడ లేదు, మన కణముల వంటసామగ్రియు కొంత వేఱు. అందుచేతనే ఆ మందు రోగిని చంపక రోగక్రిమిని చంపును. వైరస్‌కు గోడయే లేదు, వంటిల్లే లేదు. లేని గోడను పడగొట్టు మందేమున్నది? ఇదియే "కణరహితము" అను మాటలోని ప్రయోజనము. ఆ యొక్క మాట "యాంటీబయోటిక్ ఇచట వ్యర్థము" అని చెప్పుచున్నది.

వ్యర్థమగుటతో తీరలేదు. గుంటలో వేసిన మందు రొయ్య మాంసములో శేషించును. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరానులు అను మందుల జాడ కనబడెనని విదేశములవారు మన సరకును త్రిప్పి పంపిన సందర్భములు కలవు. ఆ మందులను రొయ్యల పెంపకమున వాడరాదని నిషేధమేర్పడినది. మఱియు మందునకు చిక్కవలసిన బాక్టీరియాలు మాటిమాటికి మందు రుచి చూచి దానికి లొంగకుండ నేర్చుకొనును. వైరస్‌కు వేసిన మందు వైరస్‌ను చంపదు. బాక్టీరియాకు విద్య నేర్పును.

మఱి గుంటలను కాపాడిన దేది? వైరస్ ఇల్లు చొచ్చుటకు ముందే తలుపు మూయుట. గుంటలో పిల్లను వదలుటకు ముందు పి.సి.ఆర్. పరీక్ష చేయించి, వైరస్ పుస్తకములోని అక్షరములు అందున్నవేమో చూతురు. నీటిని నిలువచేసి బ్లీచింగ్ పొడితో శుద్ధిచేసి పిదప వాడుదురు. పీతలు ప్రాకి రాకుండ గట్టుచుట్టును కంచెయు, కాకులును కొంగలును ఒక గుంటలోని చచ్చిన రొయ్యను మఱియొక గుంటలో జారవిడువకుండ పైని తీగెలును కట్టుదురు. 2009లో మన దేశమున వెనామీ రొయ్యకు అనుమతి నిచ్చినప్పుడు, వ్యాధిరహితములని నిర్ణయించిన తల్లిరొయ్యలను మాత్రమే విదేశములనుండి తెప్పించి, చెన్నైవద్ద నీలాంకరైలోని కేంద్రమున కొంతకాలము వేఱుగ నుంచి పరీక్షించి హేచరీలకు పంపు నేర్పాటు చేసిరి. వెనామీ గూడ తెల్లమచ్చకు అతీతము కాదు. అందుచేత జాగ్రత్త నేటికిని తప్పదు.

ఇచట మఱియొక భేదము చెప్పవలెను. రొయ్యల రోగములన్నియు కణరహితములు కావు. విబ్రియో జాతి బాక్టీరియా ఏకకణజీవి. రొయ్య ఎదుగుదలను ఆపు ఇ.హెచ్.పి. అనునది బూజుజాతికి బంధువైన సూక్ష్మజీవి. 2009లో థాయిలాండు రొయ్యలనుండి వర్ణింపబడినది. దానికి కణము కలదు. ఒకే గుంటలో కణము లేని శత్రువు, ఒక కణముగల శత్రువు గూడ నుండవచ్చును. "క్రిమి" అని అన్నిటిని ఒకే గాట కట్టినచో మందు గుఱి తప్పును. పరీక్షశాల కాగితమున ఏ పేరున్నదో చూచి గాని మందు కొనరాదు.

రొయ్యను ఇంకను కొంచెము పరిశీలింతము. తెల్లమచ్చ తేలు చిప్ప యున్నదే, అదియు కణరహితమే. క్రింది చర్మములోని కణములు కైటిన్ అను పదార్థమును స్రవింపజేసి, దానిలో సున్నపు లవణములు చేర్చి ఆ చిప్పను నిర్మించును. మేస్త్రి కట్టిన గోడలో మేస్త్రి ఉండడు గదా! చిప్పయు అట్టిదే. చర్మకణములకు వైరస్ తగిలి పని చెడినప్పుడు సున్నము సరిగ పేరక చుక్కలు చుక్కలుగ నిలుచును. ఆ మచ్చలే మనకు కనబడునవి. అయితే నీటిలోని సున్నము మిక్కుటమైనను, బాక్టీరియా చేరినను ఇట్టి మచ్చలు కొన్ని వేళల కలుగును గనుక కంటిచూపుతోనే తీర్పు చెప్పరాదు. చిప్పలో కణములు లేవు గాన అది పెరుగదు. రొయ్య పెరుగవలసినప్పుడు పాతచిప్పను పామువలె విడిచి క్రొత్తది వేసికొనును. మైపాడు తీరమున పిల్లలు ఏరుకొను గవ్వయు, గుల్లసున్నమునకు కాల్చు ఆల్చిప్పయు ఈ తెగలోనివే: కణములు చేసినవి, కణములు లేనివి.

మన నోటిలోను అట్టి వస్తువొకటి కలదు. పంటిమీది మెఱుగు పొరను ఎనామిల్ అందురు. దానిని నిర్మించిన కణములు పన్ను చిగురు వెలికి వచ్చునప్పటికే నశించిపోవును. విరిగిన ఎముకలో కణములున్నవి గాన అతుకుకొనును. తెగిన చర్మము పూడుకొనును. ఎనామిల్‌కు గుంట పడినచో దానిని తిరిగి కట్టు పనివారు లేరు. పిల్లలకు రాత్రి పండ్లు తోమించుటలో అశ్రద్ధ చేయరాదనుటకు ఇంతకంటె కారణమక్కఱలేదు. గోళ్లును, వెండ్రుకలును ఈ తెగలోనివని కొందఱు తలతురు. అవి చచ్చిన కణముల శేషములతో నేర్పడినవి, కణరహితములనుట ఒప్పదు. రక్తహీనత యనగా ఎఱ్ఱకణములుగాని వానిలోని ఎఱ్ఱని పదార్థముగాని తక్కువగుట. అదియు కణరాహిత్యము కాదు. తక్కువ వేఱు, లేమి వేఱు.

ఇక రెండవ అభావము: ఉన్న కణమును తీసివేయుట. దీనికి దృష్టాంతము కోరింత దగ్గు టీకా. కోరింత దగ్గును పుట్టించునది బాక్టీరియా. 1906లో బోర్డే, జాంగూ అను నిరువురు దానిని వేఱుచేసి పెంచిరి. పసిబిడ్డలకు ఈ దగ్గు ప్రాణాంతకము. 1932 మొదలు అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అను నిద్దఱు స్త్రీలు, పగలు ప్రయోగశాలలో ఉద్యోగము చేసి, సాయంకాలము రోగి పిల్లల యిండ్లకు పోయి, దగ్గు బిడ్డ నోటియెదుట పళ్లెము పట్టి క్రిములను సేకరించి, చంపిన బాక్టీరియాతో చేసిన టీకాను పరీక్షించి నిలబెట్టిరి. ఆ టీకాలో బాక్టీరియా కణము చచ్చినదయ్యు సంపూర్ణముగ నుండును. అందుచే దానిని పూర్ణకణ టీకా యందురు. దీనివలన రక్షణ బాగుగ కలుగును గాని జ్వరము, సూది పొడిచిన చోట వాపు, బిడ్డ యేడ్పు తఱచుగ కలుగును.

1974-75 శీతకాలమున జపానులో టీకా తరువాత ఇద్దఱు శిశువులు మరణింపగా ఆ దేశము ఈ టీకాను కొంతకాలము ఆపెను. తల్లిదండ్రులకు నమ్మకము సడలెను. ఫలితముగ 1979లో 13 వేలకు పైగా దగ్గు సోకి 41 మంది మరణించిరి. అప్పుడు యూజీ సాటో అను శాస్త్రజ్ఞుడును, ఆతని సహచరులును బాక్టీరియా కణమును విడిచి, రక్షణకు వలసిన కొన్ని మాంసకృత్తులను మాత్రము శుద్ధిచేసి తీసి క్రొత్త టీకా చేసిరి. 1981లో జపాను దానిని వాడుకలోనికి తెచ్చెను. అదియే కణరహిత టీకా. వైరస్‌వలె ఇది పుట్టుకతో కణరహితము కాదు. కణమునుండి తీసినది, కణము విడిచినది. కొబ్బరికాయ పగులగొట్టి పాలు మాత్రము పిండుకొన్నట్లు.

దీనికి జ్వరము తక్కువ, నొప్పి తక్కువ. అందుచేతనే మన పట్టణములలో ప్రైవేటు వైద్యశాలలవారు దీనిని "నొప్పిలేని టీకా" యని చెప్పుదురు. సూదిపోటు నొప్పి దీనికిని కలదు గాన ఆ పేరు సరికాదు. వెలయు ఎక్కువ. మఱియొక సంగతి: దీనివలని రక్షణ పూర్ణకణ టీకా రక్షణకంటె త్వరగ సన్నగిల్లును. కణరహిత టీకాకు మారిన అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున 2010లో 9 వేలకు పైగా ఈ దగ్గు సోకుటయు, 10 మంది శిశువులు చనిపోవుటయు ఈ విచారమునకు దారితీసెను. పూర్ణకణ టీకా వాడు దేశములు శిశువుల మొదటి మోతాదులకు దానినే కొనసాగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సలహా నిచ్చినది. మన ప్రభుత్వము 6, 10, 14 వారములయందు ఉచితముగ వేయు పెంటావలెంట్ టీకాలోను, 16 మొదలు 24 నెలలలోపునను 5 మొదలు 6 ఏండ్లలోపునను వేయు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతముల టీకాలోను ఉన్నది పూర్ణకణమే. ఉచితముగ నిచ్చుటచే అది తక్కువరకమను తలంపు కూడదు. ఒక దినము జ్వరము వచ్చునని వెఱచి ఆ మోతాదును తప్పించు తల్లి, జపాను తల్లిదండ్రులు పొందిన దుఃఖమును తలచుకొనవలెను. ముందు మోతాదునకు బిడ్డకు మూర్ఛవంటిది వచ్చియున్నచో వైద్యునితో చెప్పి, ఏ టీకా తగునో ఆయన నిర్ణయమునకు విడువవలెను. రెంటిలో ఏదైనను వేయించుట మేలు. ఏదియు వేయింపకుండుట కీడు.

కోరింత దగ్గునకు కారణము కణముగల బాక్టీరియా గాన దానికి వైద్యుడు యాంటీబయోటిక్ వ్రాయును. పడిశము, ఫ్లూ జ్వరములకు కారణము కణరహితమైన వైరస్ గాన ఆ మందు వానికి పనిచేయదు. ఇంటిలో మిగిలిన మాత్రను, పొరుగింటి బిడ్డకు పనిచేసెనని వేయు మాత్రను ఈ కారణముచేతనే మానవలెను. మాత్రల అట్టవెనుక ఎఱ్ఱని గీత యున్నచో వైద్యుని చీటి లేక కొనరాదని గుర్తు. కొన్ని వైరస్‌లకు ప్రత్యేకమైన మందులు వేఱుగ నున్నవి. అవి యెవరికి, ఎప్పుడు తగునో వైద్యుడే చెప్పవలెను.

గుంటల ప్రాంతములలో కాపురముండు సోదరీమణులకు ఒక మనవి. బజారునుండి తెచ్చిన రొయ్యను ఉడికించి తిన్నచో తెల్లమచ్చవలన మనకు కీడు లేదు. మంచులో పెట్టిన రొయ్యయందు మాత్రము ఆ వైరస్ చావక నిలుచును, వేడికి నశించును. కావున పచ్చి రొయ్యల తలలను, పొట్టును, కడిగిన నీటిని గుంటలకు పోవు కాలువలో పాఱవేయక, దూరముగ గోయి తీసి పూడ్చుడు. పది నిమిషముల శ్రమతో పొరుగువాని యేడాది కష్టమును కాపాడినవారగుదురు.